పెద్ద విమానం వెళ్లాక...

2017 జనవరి 7. మాలే నుంచి అబుదాబి వెళ్తున్న చిన్న జెట్ విమానం ఒకటి అరేబియా సముద్రం మీద ఎగురుతోంది. దానికి వెయ్యి అడుగుల ఎత్తున, ఎదురుగా వచ్చిన ఎయిర్‌బస్ ఎ380 దాటిపోయింది. నిబంధనల ప్రకారం ఆ ఎడం సరిపోతుంది. కానీ నిమిషం తిరక్కుండానే చిన్న విమానం గిర్రున పల్టీలు కొట్టింది. దాదాపు 9 వేల అడుగులు కిందికి పడిపోయాక గానీ పైలట్ల చేతికి చిక్కలేదు. లోపలున్న తొమ్మిది మందిలో కొందరు గాయపడ్డారు. ఎలాగో మస్కట్‌లో దిగారు. ఆ విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు!

దాన్ని తిప్పి పడేసింది తుపాను కాదు, పెద్ద విమానం తన వెనక వదిలిన గాలి.

ఇది ఇంజిన్ల పని అనుకుంటారు చాలామంది. నిజానికి ఇది రెక్కల పని. ఎగిరేటప్పుడు రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. ఆ తేడాయే విమానాన్ని మోస్తుంది. రెక్క కొస దగ్గర మాత్రం కింది గాలి పైకి చుట్టుకుంటుంది. అలా రెండు వైపులా పుట్టిన సుడులు మెల్లగా కిందికి దిగుతాయి. విమానం ఎంత బరువైతే సుడి అంత బలం. గాలి నిలకడగా ఉంటే కొన్ని నిమిషాల దాకా చెదిరిపోవు. పైగా కంటికి కనిపించవు.

1972లో అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో ఓ డీసీ-10 వెనకే దిగబోయిన డీసీ-9 కూలి నలుగురు చనిపోయారు. ఆ తర్వాత విమానాల మధ్య దూరం పెంచారు.

మరి సుడినే తగ్గించలేమా? 1974లో నాసా ఆ ప్రయత్నమే చేసింది. బోయింగ్ 747 రెక్కల కింద పొగ గొట్టాలు బిగించి సుడులను కళ్లకు కట్టింది. వాటిలోకి చిన్న విమానాలను పంపింది! రెక్క మీది స్పాయిలర్లను కొన్నింటిని లేపితే సుడి బలం తగ్గింది. పది మైళ్ల దూరంలో రావాల్సిన చిన్న విమానం మూడు మైళ్ల దాకా రాగలిగింది. కానీ స్పాయిలర్ లేస్తే రెక్క మోసే శక్తీ తగ్గుతుంది. ఆ పద్ధతి రోజువారీ వాడకంలోకి రాలేదు.

జర్మనీ శాస్త్రవేత్తలు విమానాన్ని వదిలి నేల మీద దృష్టి పెట్టారు. 2019లో వియన్నా విమానాశ్రయంలో రన్‌వే ముందు పలకలను వరసగా నిలబెట్టి పరీక్షించారు. నేలకు దిగిన సుడులు వాటిని తాకి తొందరగా చెదిరిపోయాయి.

అయినా సుడిని పూర్తిగా లేకుండా చేయడం కుదరదు. విమానాన్ని మోసే బలంతోపాటే అదీ పుడుతుంది మరి! అందుకే భారీ విమానం లేచాక, వెనక ఉన్న చిన్నదాన్ని రెండు మూడు నిమిషాలు ఆపుతారు. 'ఇంకా కదలదేం?' అని లోపల ప్రయాణికులు విసుక్కుంటారు. ముందున్న గాలి సర్దుకోవడానికే ఆ కాసేపూ.