మన పత్తి చేలో మెండెల్



పత్తి పువ్వు ఏ రంగులో ఉంటుంది? మీ పిల్లల్ని అడిగి చూడండి. ఒకరు తెలుపంటారు, ఒకరు గులాబీ అంటారు. ఇద్దరి జవాబూ సరైనదే. మన దగ్గర వేసే పత్తిలో పువ్వు ఉదయం మీగడ రంగులో విచ్చుకుంటుంది. మర్నాటికి గులాబీ రంగుకు మారుతుంది. రేకుల్లో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం చేరడమే దీనికి కారణం. గట్టు మీద నిలబడి ఏ పువ్వు ఈరోజుది, ఏది నిన్నటిది అని చెప్పేయొచ్చు.

వడ్డేపల్లిలో సైన్స్ టీచర్‌గా నాకున్న అదృష్టం ఏమిటంటే, పాఠం సగం చేలోనే ఉంది. కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న మన నడిగడ్డ సీడ్ పత్తికి పేరున్న ప్రాంతం. క్లాసులో ‘ఎమాస్క్యులేషన్’ అంటే పిల్లలు బట్టీ పడతారు. అదే ‘క్రాసింగ్’ అంటే చాలు, చేతులు లేస్తాయి.

క్రాసింగ్ ఎలా చేస్తారో మీకు తెలిసిందే. పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. వదిలేస్తే దాని పుప్పొడి దానికే అంటుకుంటుంది. అందుకే మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే పట్టుకుని, రేకుల్ని, కేసరాల్ని గోటితో ఒలిచేస్తారు. తెల్లారాక వేరే రకం పువ్వు తెచ్చి, దాని పుప్పొడి రుద్దుతారు. ఇలా ఒక్కో మొగ్గకూ చేయాలి. ప్రపంచంలోనే మొదట వాణిజ్యపరంగా సాగైన హైబ్రిడ్ పత్తి హెచ్-4 మన దేశానిదే. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ దాన్ని రూపొందించారు.

పదో తరగతి పుస్తకంలో కనిపించే గ్రెగర్ మెండెల్ కూడా ఇదే పని చేశారు. నేటి చెక్ దేశంలోని బ్రనోలో, మఠం తోటలో, 1856 నుంచి ఎనిమిదేళ్లు బఠానీ మొగ్గలు విప్పి, కేసరాలు తీసి, వేరే మొక్క పుప్పొడి అద్దారు. ఆ ఫలితాలు 1866లో అచ్చయ్యాయి. వంశపారంపర్య సూత్రాలు అక్కడి నుంచే వచ్చాయి.

“సార్, విత్తనం మన చేలోనే తయారవుతుంది కదా, మళ్లీ ప్యాకెట్ ఎందుకు కొనాలి?” అని పిల్లలు అడుగుతుంటారు. జవాబు మెండెల్ దగ్గరే ఉంది. హైబ్రిడ్ మొక్కలన్నీ ఒకేలా పెరుగుతాయి. వాటి గింజలు నాటితే మాత్రం తాత గుణం ఒకదానికి, అవ్వ గుణం ఇంకోదానికి వచ్చి, చేను ఒక తీరుగా ఉండదు.

ఇక అసలు విషయానికి వస్తాను. క్రాసింగ్ రోజులూ బడి రోజులూ ఒకేసారి వస్తాయి. కూలీలు దొరకరు. పిల్లల చేతులు చిన్నవని, మొగ్గలు వాళ్ల ఎత్తులోనే ఉంటాయని అనే మాట మీరూ వినే ఉంటారు. మన పిల్లలు బడికి వస్తున్నారు, సంతోషం. కానీ వాళ్ల ఈడు పిల్లలే కొందరు అదే వేళకు ఏదో ఒక చేలో వంగి ఉంటున్నారు. 14 ఏళ్ల లోపు వాళ్లను కూలికి పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. మీ చేను వరకైనా ఆ పిల్లల్ని కూలికి పిలవకండి, వాళ్ల అమ్మానాన్నలతో బడి గురించి ఒక మాట చెప్పండి. ఈ క్రాసింగ్ వెనకున్న సైన్స్ తెలుసుకునే హక్కు వాళ్లకూ ఉంది.

ఈ ఆదివారం మీ పిల్లల్ని చేలోకి తీసుకెళ్లండి, పనికి కాదు, చూడటానికి. మందు కొట్టిన చేనైతే వద్దు. ఉదయం విచ్చుకున్న ఒక పువ్వుకు దారం కట్టించి, సాయంత్రం, మర్నాడు దాని రంగు రాయించండి. చేను లేనివాళ్లు బెండ పువ్వు గానీ మందారం గానీ కోసి చూపండి. రెండూ పత్తి కుటుంబానివే. మధ్యలో గొట్టంలా ఉన్న భాగం మీద పుప్పొడి ఎక్కడుందో వాళ్లనే వెతకనివ్వండి. రాసిన కాగితం సోమవారం బడికి పంపండి, క్లాసు గోడకు అంటిస్తాను.