నన్నెవరూ అడగలేదక్కా!

మూడేళ్ల కిందటి మాట. ఉదయం పదిన్నర. మదనపల్లె టమాటా మార్కెట్లో ఒక కథనం కోసం మండీల వెంట తిరుగుతున్నాను. వేలంపాటల గోలలో ఫోన్ మోగింది సరిగా వినపడలేదు. మూడోసారికి ఎత్తాను. పుంగనూరు నుంచి మా పక్కింటి పెద్దమ్మ.

‘‘మీ అమ్మకు ఒళ్లంతా చెమట్లు పట్టేసిందమ్మా. పిలిస్తే పలకడం లేదు. 108కి ఫోన్ చేసినాం. నువ్వు తొందరగా రా.’’

మదనపల్లె నుంచి పుంగనూరు ఎంత దూరమని? అయినా ఆ రోజు బస్సు ఎంతకీ కదలనట్టే అనిపించింది. నేను ఆస్పత్రికి చేరేసరికి అమ్మ కళ్లు తెరిచింది. చేతికి గ్లూకోజు ఎక్కుతోంది. నన్ను చూసి, ‘‘ఏం మే, అన్నం తిన్నావా?’’ అంది. ఏడవాలో నవ్వాలో తెలీలేదు. అంబులెన్సులో పరీక్షిస్తే షుగర్ 42 ఉందట. ఇంకాస్త ఆలస్యమై ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను నిద్రలోంచి లేపుతుంది.

ఇంతకీ జరిగిందేమిటి?

నాన్న పోయాక అమ్మ పుంగనూరు ఇల్లు వదిలి రానంది. నా ఉద్యోగం మదనపల్లెలో, అన్నయ్య కాపురం కుప్పంలో. మధ్యేమార్గంగా ఒక ఏజెన్సీతో మాట్లాడి, ఇంట్లోనే ఉండి చూసుకునే అమ్మాయిని పెట్టుకున్నాం. పదకొండు నెలల ఒప్పందం. ఆ అమ్మాయికి అమ్మ బాగా అలవాటైపోయింది. గడువు ముగిసే నాటికి ఆమెకు సొంత ఊళ్లో పెళ్లి కుదిరింది. ఏజెన్సీ ఇంకో అమ్మాయిని పంపుతానంది. ‘‘ఒక్క పూట కూడా ఖాళీ ఉండదు మేడమ్’’ అని హామీ కూడా ఇచ్చింది. నిజమే, ఖాళీ లేదు. పాత అమ్మాయి ఆరింటి బస్సుకు సంచీ పట్టుకుని వెళ్లిపోయింది. కొత్త అమ్మాయి ఏడింటికి వచ్చింది. నడుమ ఆ గంటసేపు ఇంటి తాళం పక్కింట్లో ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అలాగని నేను ఏ ఏర్పాటూ చేయలేదనుకోకండి. నాలుగు రోజుల ముందే తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో అన్నీ రాసి ఫ్రిజ్‌కి అంటించాను. ఎనిమిదింటికి ఇన్సులిన్. అరగంటలోపు టిఫిన్. పదకొండింటికి మజ్జిగ. డాక్టర్ నంబరు, మందుల షాపు నంబరు, గ్యాస్ బుక్ చేసే నంబరు... ఒక్క తప్పు లేదు. కొత్త అమ్మాయి కూడా దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. సరిగ్గా ఎనిమిదింటికి ఇన్సులిన్ వేసింది. ఇడ్లీల పళ్లెం అమ్మ ముందు పెట్టి, స్నానానికి నీళ్లు కాచడానికి వెళ్లింది. తిరిగొచ్చి ‘‘తిన్నావామ్మా?’’ అంటే, అమ్మ ‘‘తినేసినా’’ అంది. పళ్లెం ఖాళీగానే ఉంది మరి.

ఆ సాయంత్రం పాత అమ్మాయికి ఫోన్ చేశాను. విషయం విని ఒక్కసారిగా ఏడ్చేసింది.

‘‘అక్కా, అమ్మ టిఫిన్ అంతా ఆవుకు పెట్టేస్తుంది. పొద్దున ఆ పొట్టి ఆవు గేటు దగ్గరికి వస్తాది కదా! అందుకే నేను అమ్మ తినేదాకా పక్కనే కూర్చునేదాన్ని.’’

‘‘మరి చెప్పలేదేం?’’

‘‘నన్నెవరూ అడగలేదక్కా!’’

ఆ మాట ఇవాళ్టికీ నా చెవుల్లోనే ఉంది. పుంగనూరు పొట్టి ఆవుల గురించి దేశమంతా చెప్పుకుంటుంది. మా వీధిలోని ఆవు రోజూ మా అమ్మ ఇడ్లీలు తింటోందని మాత్రం నాకు తెలీదు. పదకొండు నెలలు ఆ ఇంట్లో బతికిన మనిషి తనతో ఏమేం తీసుకెళ్లిపోతుందో నేను ఆలోచించలేదు. తాళంచెవులు అడిగి తీసుకున్నాను. మందుల డబ్బా లెక్క చూసుకున్నాను. ఆమెకు తెలిసినవి మాత్రం అడగలేదు.

ఆ రాత్రి ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కనే ఉన్నాను. ఎనిమిది గంటలకు నర్సుల డ్యూటీ మారింది. దిగిపోయే నర్సు చేతిలో రిజిస్టరు పట్టుకుని, వచ్చిన నర్సును మంచం మంచం దగ్గరికీ తీసుకెళ్లింది. ‘‘ఈమెకు సెలైన్ సగం అయింది. రెండు గంటలకోసారి షుగర్ చూడాలి. ఆకలి లేదంటుంది, నమ్మొద్దు’’ అంది నవ్వుతూ. ఒక్క పూటలో ఆమెకు అర్థమైంది. కూతురినై ఉండి నేను కాగితం మీద రాయలేకపోయింది సరిగ్గా అదే. కొత్త నర్సు అమ్మ చెయ్యి పట్టుకుని తన పేరు చెప్పి, ‘‘రాత్రికి నేనుంటానమ్మా’’ అంది. మొత్తం రెండు నిమిషాలు. అప్పగింత అంటే ఇంతే కదా అనిపించింది!

ఇది చిన్న విషయమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో రోగుల భద్రత కోసం తొమ్మిది సూచనలు విడుదల చేస్తే, అందులో ఒకటి రోగిని ఒకరి చేతి నుంచి ఇంకొకరికి అప్పగించేటప్పుడు చెప్పుకోవాల్సిన మాటల గురించే. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి డాక్టర్లయితే కారు రేసుల వాళ్ల దగ్గరికి వెళ్లారు. గుండె ఆపరేషన్ అయిన పసిబిడ్డను థియేటర్ నుంచి ఐసీయూకి మార్చే ఆ కాసేపట్లో పొరపాట్లు ఎక్కువ జరుగుతున్నాయని గమనించి, ఫెరారీ జట్టు రేసు మధ్యలో క్షణాల్లో టైర్లు ఎలా మారుస్తుందో చూసి నేర్చుకున్నారు. ఎవరి పని ఏమిటి, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలి, మొత్తం మీద అజమాయిషీ ఎవరిది... ఇవి ముందే తేల్చుకున్నాక పొరపాట్లు తగ్గాయి.

అమ్మను కాపాడిన 108 కథ కూడా చేతులు మారిన కథే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సేవ మొదలైంది. సత్యం అధినేత రామలింగరాజు పెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ దాన్ని నడిపేది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడి, నడిపేవాళ్లే కష్టాల్లో పడ్డారు. ఆ ఏడాదే జీవీకే బాధ్యత తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 చివర్లో బీవీజీ, 2020 జులైలో అరబిందో వచ్చాయి. బండ్ల మీద పేర్లు మారాయి, రంగులు మారాయి. నంబరు మాత్రం మారలేదు. మా పక్కింటి పెద్దమ్మకు ఈ సంస్థల్లో ఒక్కదాని పేరూ తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. మూడు అంకెలు నొక్కింది, బండి వచ్చింది. అప్పగింత బాగా జరిగిందనడానికి ఇంతకంటే గుర్తు ఏముంటుంది?

ఆ బండి వెనక ఉన్న మనుషుల సంగతి వేరు. సంస్థ మారినప్పుడల్లా కాంట్రాక్టు ఉద్యోగి మనసులో మెదిలేవి ఒకటే ప్రశ్నలు. బకాయి జీతం ఎవరిస్తారు? పాత సర్వీసు లెక్కలోకి వస్తుందా? గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల ఎడతెగని సర్వీసు కావాలి. రెండు మూడేళ్లకోసారి యజమాని మారితే ఆ ఐదేళ్లు ఎప్పటికి నిండాలి? పీఎఫ్ విషయంలో మాత్రం 2014 నుంచి యూఏఎన్ వచ్చి కొంత మేలు జరిగింది. యజమాని మారినా ఆ నంబరు మారదు. ఏ రోడ్డులో గుంత ఉందో, ఏ పల్లెలో సిగ్నల్ అందదో డ్రైవరుకే తెలుసు. అతనికి బాకీ పెట్టి, అతని దగ్గరున్న రహస్యాలన్నీ కొత్తవాళ్లకు చెప్పమంటే న్యాయమా? ఆ మాటకొస్తే మా అమ్మాయికి కూడా ఏజెన్సీ చివరి పదిహేను రోజుల జీతం వెళ్లిపోయాకగానీ ఇవ్వలేదు. అదీ నేను అడగలేదు.

మన పల్లెల్లో ఈ తెలివి ఒకప్పుడు ఉండేది. చెరువు తూము ఎత్తి మడి మడికీ నీళ్లు పెట్టే నీరుగంటి, తన పని కొడుక్కి అప్పజెప్పాలంటే ముందు కొన్ని పంటల పాటు వెంట తిప్పుకునేవాడు. ఏ కయ్యకు ఎంత నీరు, ఏ కాలువ ఎక్కడ తెగుతుంది, ఎవరు ఎవరితో తగువాడతారు... ఇవన్నీ ఏ కాగితంలోనూ ఉండవు. గట్టు మీద నడిస్తేనే తెలుస్తాయి.

ఏడాది తర్వాత నాకు రెండో పరీక్ష వచ్చింది. అమ్మ ఎట్టకేలకు కుప్పం వెళ్లడానికి ఒప్పుకుంది. రెండో అమ్మాయి గడువు కూడా ముగుస్తోంది. ఈసారి నెల ముందే మొదలుపెట్టాం. ముందు ఆమెకు రావాల్సిన డబ్బు ఏజెన్సీ చేత పైసాతో సహా ఇప్పించాం. ఒక నోటు పుస్తకం కొనిచ్చి, ‘‘మందుల గురించి వద్దు, అమ్మ గురించి రాయి’’ అన్నాను. తర్వాత ఆమెను బతిమాలి, పలమనేరు, వి.కోట మీదుగా అమ్మతో పాటు కుప్పం తీసుకెళ్లాం. మూడు రోజులు ఇద్దరమ్మాయిలూ కలిసే పనిచేశారు. మొదటి రోజు పాత అమ్మాయి చేస్తుంటే కొత్త అమ్మాయి చూసింది. రెండో రోజు ఇద్దరూ చేశారు. మూడో రోజు కొత్త అమ్మాయి చేస్తుంటే పాత అమ్మాయి చూసింది. అన్నయ్య మొదట గొణిగాడు, ‘‘ఒక్క మనిషికి ఇద్దరి కూలా?’’ అని. ఆస్పత్రి బిల్లు గుర్తుచేస్తే ఊరుకున్నాడు.

కొత్త అమ్మాయిది సరిహద్దు పల్లె. తెలుగులో తమిళం కలిపి మాట్లాడుతుంది. అమ్మకు కొన్ని మాటలు అర్థం కాలేదు. పాత అమ్మాయే మధ్యలో కూర్చుని ఇద్దరికీ మాట కలిపింది. మూడో రోజు సాయంత్రం వెళ్లేటప్పుడు అమ్మ ఆమె చేతిలో జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ పెట్టింది. మొదటి అమ్మాయికి ఆ పాటి మర్యాద కూడా చేయలేకపోయామే అని నాకు చివుక్కుమంది.

ఆమె వెళ్లాక నోటు పుస్తకం తిరగేశాను. ఫ్యాను ఏ నంబరు మీద ఉండాలి, పొద్దున లేవగానే ఎవరి ఫొటోకి దండం పెట్టుకుంటుంది, కోపం వస్తే ఎంతసేపు మాట్లాడదు... పదిహేడు పేజీలు. వంకర అక్షరాలు, బోలెడు తప్పులు. ఆఖరి పేజీలో, కుప్పం వచ్చాక రాసినట్టుంది, ఇలా ఉంది:

‘‘ఈడ ఆవు లేదు. కానీ కిటికీ కాడికి కాకి వస్తాది. జాగర్త.’’