అత్తగారి పాటలు, పాత పేజ్‌మేకరు

మా అత్తగారు పోయి యేడేండ్లైనది. ఆమె పాడిన పాటలలో పదునాలుగు నా పాత కంప్యూటరులో మాత్రమే మిగిలియుండెను. కాగితము మీద లేవు. ఎవరి నోటను పూర్తిగా లేవు. 2004లో నేనింటివద్దనే శుభలేఖలు, వ్రతకథల పుస్తకములు కూర్చి నాలుగు రూకలు సంపాదించుకొనుచుంటిని. రాత్రి వంటయిల్లు సర్దిన పిదప ఆమె నా కుర్చీప్రక్క పీట వేసికొని పాడుచుండగా, నేను పేజ్‌మేకరులో కూర్చితిని. అచ్చు వేయింతమని పలుమారులనుకొంటిని. శుభలేఖలకు తొందర యుండును గాని, ఇంటి మనిషి పాటలకు తొందర యేమని వాయిదా వేసితిని. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది.

మొన్న మా ఆడపడుచు కూతురికి పెండ్లి నిశ్చయమైనది. "అప్పగింతలప్పుడు అమ్మ పాటే పాడాలి వదినా, నీ దగ్గరుంది కదా!" అని ఆమె ఫోనులో అడిగినది. ఉన్నదంటిని. అప్పటికి నెల క్రిందటనే పాత యంత్రము కన్ను మూసినది. బాగుచేయువాడు దాని డిస్కులోని ఫైళ్లను పెన్‌డ్రైవులోనికి ఎక్కించి యిచ్చి, "ఇవి ఇప్పుడు తెరుచుకోవండీ, వదిలేయండి" అనెను. అతనికేమి తెలియును!

క్రొత్త యంత్రములో విండోస్ 11 కలదు. పేజ్‌మేకరు 1985లో ఆల్డస్ వారు తెచ్చినది. 1994లో అడోబీ వారి చేతికి వచ్చి, 2001 నాటి యేడవ కూర్పుతో ఆగినది. వారు దానికి బదులుగా నిలిపిన ఇన్‌డిజైను 2012 నాటి సి.ఎస్. 6 కూర్పు వరకు ఈ ఫైళ్లను తెరచెడిది, తరువాతివి తెరవవు. కావున ఆ పాతదానినే క్రొత్తయింట కాపురము పెట్టింపవలసివచ్చినది.

యంత్రమునకు సీడీ పెట్టు అరయే లేదు. పొరుగింటినుండి విడి డ్రైవు నెరువు తెచ్చి, నేను డబ్బిచ్చి కొన్న ఆ సీడీని (ఆ రోజులలో కొనువారు తక్కువ, నవ్వినవారెక్కువ) ఎక్కించితిని. పదునారు బిట్ల పాత కార్యక్రమములు అరువదినాలుగు బిట్ల విండోసులో నడువనే నడువవు. పేజ్‌మేకరు 7 ముప్పదిరెండు బిట్లది గనుక ఆశ కలిగినది. దాని బొమ్మమీద మౌసు కుడిమీట నొక్కి, ప్రాపర్టీసులోని కంపాటిబిలిటీలో విండోస్ ఎక్స్‌పీ నెన్నుకొని, అడ్మినిస్ట్రేటరుగా నడుపుమని గుర్తు పెట్టితిని. తెరచుకొన్నది! కాని తెలుగు రాలేదు. పుటనిండ ఇంగ్లీషు ముక్కలు, డాలరు గుర్తులు, టోపీలు పెట్టిన అక్షరములు. చూడగానే నా గుండె జారినది.

ఆ కాలపు ఫాంటుల సంగతి అదియే. ఇంగ్లీషు అక్షరముండవలసిన చోట ఒక తెలుగు ముక్కను దాచెడివారు. తలకట్టొకచోట, గుడి యొకచోట, వత్తు మఱియొకచోట. ఆ ఫాంటు లేనిచో యంత్రమునకది తెలుగని తెలియదు. 1991లోనే యూనికోడులో తెలుగునకు సొంత స్థానము లేర్పడినను, మా అచ్చుపనివారము చాలకాలము పాతపద్ధతినే నడచితిమి. పాత ఫాంటులను వెదకి ఎక్కించినంతనే అత్తగారి పాట తెరమీద నిలిచినది. ఆనాడు నాకు భోజనము మాట జ్ఞప్తికి రాలేదు.

అంతటితో తీరలేదు. తెలుగు టైపు చేయించు పాత సాధనము క్రొత్త విండోసులో మేల్కొనలేదు. చదువవచ్చును గాని ఒక్క తప్పైనను దిద్దరాదు. అప్పుడు మా అబ్బాయి, "అమ్మా, కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్ పెడదాం" అనెను. వర్చువల్‌బాక్సు అను ఉచిత కార్యక్రమము అట్టి పని చేయునట. అందులో పాత యంత్రముతో వచ్చిన ఎక్స్‌పీని ఎక్కించితిమి. ఇంటిలో పాతకాలపు గది నొకదానిని అట్లే యుంచినట్లు, ఆ కిటికీలో నా 2004వ సంవత్సరము మఱల కనబడినది. ఎక్స్‌పీకి రక్షణ కూర్పులు 2014 ఏప్రిలుతో ఆగినవి కావున దానికి ఇంటర్నెట్టు తగిలింపలేదు. సోదరీమణులలో నా వంటివారెవరైన నున్నచో ఈ జాగ్రత్త మఱువవలదు.

అక్కడ దిద్ది, పాఠమును యూనికోడులోనికి మార్చు సాధనమునకిచ్చితిని. వత్తులు కొన్ని తారుమారైనవి. మా ఆడపడుచు ఫోనులో ఒక్కొక్క చరణము పాడుచుండ, నేను చూచి సరిచేయుచు మూడు రాత్రులు కూర్చుంటిమి. ఆమెకు మొదటి చరణములు వచ్చును, చివరివి రావు. నాకు రాగము రాదు. ఇద్దఱము కలిసినగాని ఒక పాట కాలేదు.

అప్పగింతల పాటలో నాలుగవ చరణమున రెండవ పాదము లేదు, చుక్కలున్నవి. ఆనాడు అత్తగారికి జ్ఞప్తికి రాక, "రేపు చెప్తాలే అమ్మాయీ" అనిరి. నేను చుక్కలు పెట్టి ప్రక్క పనిలో పడితిని. ఆ రేపు నేనడుగలేదు. ఆడపడుచును అడిగితిని, ఆమెకును రాదు. ఏదో యొక పాదము కల్పించి పెట్టుమని అబ్బాయి అనినను మనసొప్పలేదు. పెండ్లిలో ఆ చోట ఆమె రాగము మాత్రము తీసినది.