విశాఖ రేవులో నొక్క పోలిక చేపలు

విశాఖపట్టణమునకు బోవువారు సింహాచలమును, సముద్రతీరమును జూచి మరలుదురు. తెల్లవారకముందే చేపలరేవునకు బోవు స్త్రీలు తక్కువ. మేము బోయితిమి.

పడవలు వచ్చు చోట పల్లెస్త్రీలు గంపలు ముందిడుకొని కూర్చుందురు. ఒక గంపలో పసుపువన్నె మేనిపై నీలిచారలు గల చేపలుండెను. రాతిగుట్టల చెంతను, పగడపుదిబ్బల చెంతను గుంపులుగా దిరుగు చేపలివి. ఇట్టివి మన సముద్రములలో ముఖ్యముగా మూడు జాతులు గలవు. తొలిచూపున మూడును నొక్కటిగనే తోచును.

అయిదు నీలిచారలున్నది యొక జాతి. నాలుగేయున్న జాతులు రెండు. వానిలో కడుపుపై సన్నని బూడిదవన్నె గీతలున్నది కస్మీరా. తెల్లని కడుపు గలది బెంగాలెన్సిస్. "రంగు సూసి కొనకమ్మా, గడియలో దిగిపోద్ది" అని గంపయామె చెప్పెను. ఆ మాట నిజము. వన్నె తగ్గినపుడు వీపురెక్క ముండ్లను లెక్కింపవలెను. కస్మీరాకు సాధారణముగా 10, బెంగాలెన్సిస్‌కు 11 ముండ్లుండును.

ఈ తీరముననే 1780వ దశకమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, 200 చేపల వర్ణనలను 1803లో లండనునందు బ్రకటించెను. చేపల కిచ్చటివారు చెప్పిన పేళ్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. పేళ్లు చెప్పిన పల్లెవారి పేళ్లు మాత్రము లోకమెఱుగదు.

పక్కను నల్లని మచ్చ గల యొక చేపకు బ్లీకర్ అను పండితుడు 1849లో రస్సెల్ పేరిడెను. హిందూమహాసముద్రపు చేపయు నదియేయని చిరకాలము తలచిరి. 2013లో చారల భేదమును, వంశలక్షణములను బరీక్షించి, మన వైపుది వేఱు జాతియని తేల్చి, ఇండికస్ అని పేరిడిరి. విశాఖలో శ్రమించినవాని పేరు విశాఖ చేపకే చెల్లదాయెను!

ఇంత సూక్ష్మభేద మేలయని సోదరీమణులడుగవచ్చును. మూడు జాతులను నొక్క పేర లెక్కించినచో, ఒకటి క్షీణించుచున్నను తక్కినవాని సమృద్ధి దానిని గప్పిపుచ్చును. అది నశించిన పిమ్మటగాని మన కెఱుక పడదు. జాతిభేద మెఱిగి లెక్కించుట వానిని రక్షించుటకు మొదటి మెట్టు.

కావున చేప గొనునపుడు వెలతోబాటు పేరును నడుగుడు. ఆమె పలికినట్లే తెలుగులో వ్రాసి, చారలను, ముండ్లను బిల్లలచే లెక్కింపించుడు. రస్సెల్ లిపిలో సగము మఱుగుపడిన యా పేళ్లు పల్లెస్త్రీల నాలుకలపై నింకను స్పష్టముగనే యున్నవి.