పాపకా? బాబుకా?

విమానాశ్రయములోని ఆటవస్తువుల యంగడిలో వెలకంటె గడియారమే మనుష్యుని ఎక్కువగా తొందరపెట్టును. పదిదినములు పనులమీద తిరిగిన తండ్రికి బిడ్డల జ్ఞాపకము అచ్చటనే ముంచుకొని వచ్చును. చేతికందినది కొని, అడిగినంత యిచ్చి, విమానమెక్కును.

కొన్నిమాసముల క్రిందట మేమును అట్టి యంగడిలో నిలిచి, మా చెల్లెలి పిల్లలకు ఏదైన చూపుమంటిమి. "పాపకా? బాబుకా?" యని అమ్మకపు యువతి మర్యాదగా నడిగెను. వయసడుగలేదు, దేనియందు మక్కువయో అడుగలేదు. పాప యనగానే గులాబిరంగు అర చూపెను: పొయ్యి, పెనము, గరిటెలు, చీపురు, అద్దము. బాబు యనగానే నీలిరంగు అర: కార్లు, క్రేనులు, రైళ్లు. ఆమెను నిందింప పనిలేదు. ఆ యరలను అట్లు సర్దించినవారు వేఱు. మన దేశమున ఆటవస్తువులపై ఐ.ఎస్.ఐ. ముద్ర యుండవలెనను నిబంధన 2021 జనవరి 1 నుండి అమలులోనున్నది. చిన్నముక్కలు మూడేండ్లలోపు బిడ్డలకు తగవని పెట్టెలమీద హెచ్చరికయు నుండును. ఆడపిల్లయా మగపిల్లవాడా యని చూచి కొనుడని మాత్రము ఏ చట్టమును చెప్పలేదు.

ఇదంతయు పాశ్చాత్యుల వ్యాపారపు మాయ యని తోసివేయుట సులభము. మఱి మన లక్కపిడతల మాటయేమి? వరాహనదీతీరమున ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి, మొక్కలనుండి తీసిన రంగులు కలిపిన లక్కను పూసి చేయు బొమ్మల నునుపు చేతితో తాకినవారికే తెలియును. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషమే. కాని పిడతల బుట్టలోనున్నదియు వంటిల్లే కదా! మన అమ్మమ్మలు ఐదేండ్లప్పు డాడుకొన్న ఆ యాటనే డెబ్బదియేండ్లు నిజముగా ఆడవలసివచ్చినది. పనితనము మెచ్చుట వేఱు, పంపకము నొప్పుకొనుట వేఱు.

ఆ యంగడిలోనే యొకమూల హస్తకళల బల్ల యుండెను. అచ్చట లక్కపిడతలను ఐదేండ్ల మేనల్లునికి తీసికొంటిమి. ఏడేండ్ల మేనకోడలికి లెగోవారి యిటుకలపెట్టె కొంటిమి. ఆ సంస్థను 1932లో స్థాపించిన డెన్మార్కు వడ్రంగియు కొయ్యబొమ్మలతోనే యారంభించెను. నేటి యిటుకరూపము 1958 నాటిది. "అది బాబుకు కదండీ" యని యువతి సవరింపబోయెను. "కాదమ్మా, పాపకే" యంటిమి.

ఇంటికడ చెల్లెలి అత్తగారు బుట్ట విప్పిచూచి, "ఇదేమి నాయనా, మగపిల్లవానికి పిడతలా? నలుగురు నవ్వరా?" యనిరి. చెల్లెలు మావంక చూచి, ఏమియు ననక లోనికి పోయెను. ఆమె ఉద్యోగమునుండి వచ్చి ఇంకను చీర మార్చుకొనలేదు. పొయ్యిమీద పప్పు ఉడుకుచున్నది. ఆమె భర్త పత్రిక చదువుచుండెను.

పాప వంతెన కట్టసాగెను. అది మూడుమార్లు కూలెను. అన్నమునకు పిలిచినను లేవలేదు. పిల్లవాడు చిన్నగిన్నెలో అటుకులు, బెల్లము కలిపి, మొదట నాయనమ్మకు పెట్టెను. ఆమె తిని, "ఉప్పు మఱచితివిరా" యనిరి. వాడు ఉప్పుకొఱకు వంటింటిలోనికి పరుగెత్తెను.