బల్లమీది యుద్ధము

యుద్ధము లేని లోకమును మనుష్యుడు నిత్యము కోరుచున్నాడు. అయినను యుద్ధమును ఆటగా మార్చి బల్లమీద నాడుకొనుట మానలేదు. ఇది వింతగా దోచవచ్చును గాని, ఆలోచించి చూచినచో ఇందు కొంత వివేకము గలదు. రక్తము చిందక, ఇల్లు కాలక, తల్లి యేడ్వక ముగియు యుద్ధము ఇదియొక్కటియే. 7వ శతాబ్దమున బాణభట్టు హర్షచరితమునందు హర్షుని పాలనమును పొగడుచు, ఆ రాజ్యమున చతురంగములను తీర్చుట అష్టాపదమను ఆటపలకమీదనే గాని వేఱొకచోట లేదను భావమును శ్లేషగా జెప్పెను. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగంగముల సేనయే ఆ చతురంగము. అది మన దేశమునుండి పారసీక దేశమునకును, అచ్చటినుండి అరబ్బుల ద్వారా ఐరోపాకును పోయెను. 15వ శతాబ్దపు చివరి భాగమున ఐరోపావారు మంత్రి స్థానమునందలి పావునకు ఇప్పటి మహాబలము నొసంగిరి. వారు దానిని రాణి యనిరి. మన తెలుగువారు మాత్రము నేటికిని మంత్రి యనియే పిలుచుచున్నారు.

ఐరోపాలో ఇట్టి ఆట మఱియొక దారియు బట్టెను. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను నాతడు 1812లో తమ రాజునకు చిన్న పావులతో యుద్ధమాడు బల్లను జూపెను. అతని కుమారుడు 1824లో ఆ ఆటకు నియమములను ప్రకటింపగా, సైన్యాధికారులు దానితో శిక్షణ పొందిరి. ఆంగ్ల రచయితయగు హెచ్. జి. వెల్స్ 1913లో సిపాయి బొమ్మలతో నాడు యుద్ధమునకు నియమములు గూర్చి యొక చిన్న గ్రంథము వ్రాసి, పెద్ద యుద్ధముకంటె ఈ చిన్న యుద్ధమే మేలని వాదించెను. మఱుసటి యేడే, 1914లో, పెద్ద యుద్ధము వచ్చెను. నేడు పలు దేశములలో రంగులు వేసిన బొమ్మల సేనలను బల్లలమీద నిలిపి, వందలమంది యొకచోట గూడి పోటీలాడుచున్నారు. అట్టి సేనలు మన పల్లెలకు రాలేదు. మనకున్న సేన చదరంగమే.

చదరంగమునకు ముందు మన సీమలో పులిజూదము గలదు. శిరివెళ్ల చుట్టుపట్ల పాతయిండ్ల అరుగులమీది నాపరాళ్లను బరికించి చూచినవారికి, ఎవరో యెప్పుడో గీచిన ముక్కోణపు గీతలు కనబడును. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దుమికి దానిని జంపును. మేకలు ఒకటొకటిగా వచ్చి, ఒకదానికొకటి వెన్నుదన్నుగా నిలిచి, పులులకు కదలుటకు దారి లేకుండ గట్టివేయును. బలహీనులు కూడి నిలిచిన బలవంతుని గట్టివేయగలరని మేము మొట్టమొదట నేర్చినది పుస్తకమునందు గాదు, ఆ నాపరాతిమీదనే. చదరంగము మాకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వసతిగృహమున, ఒక సహపాఠి వలన అబ్బినది. అటుపిమ్మట ఇరువదియేండ్లు ఇరుగుపొరుగువారితోను, సెలవుదినములలో బంధువులతోను ఆడితిమే గాని, పోటీ యనునది యెట్లుండునో ఎఱుగము.

గత సంవత్సరము కర్నూలు నగరమున వయోభేదము లేక యెల్లరును ఆడదగిన చదరంగపు పోటీ యొకటి జరుగునని తెలిసి, మన పాఠశాల విద్యార్థులను నలుగురను దోడుకొనిపోవ నిశ్చయించితిమి. పేర్లు వ్రాయుచుండగా ఒక బాలిక, “సార్, మీరు ఆడరా?” అని యడిగెను. ఆ ప్రశ్నకు బదులు చెప్పుట కష్టమయ్యెను. శిష్యుల యెదుట ఉపాధ్యాయుడు ఓడిపోయినచో తరగతిలో మాట చెల్లునా యని ఒకరిద్దఱు మిత్రులు మమ్ము హెచ్చరించిరి. పరీక్షకు గూర్చుండుటకు భయపడకుడని ప్రతి సంవత్సరము పిల్లలకు జెప్పు మేము, నలుబదియేండ్లు దాటిన తరువాత పరీక్ష వచ్చినప్పుడు గడపవద్ద నిలిచిపోవుట న్యాయముగా దోపలేదు. అయిదవ పేరుగా మా పేరు వ్రాసితిమి.

తెల్లవాఱక మునుపే బస్సెక్కి, నంద్యాల, పాణ్యము దాటి, ఓర్వకల్లు శిలలమీద ఎండ పొడచూపు వేళకు సాగి, కర్నూలు చేరితిమి. పోటీ జరుగు మందిరమును జూచి మా పిల్లలు నోట మాట రాక నిలిచిరి. వరుసలు వరుసలుగా బల్లలు. ప్రతి బల్లమీదను తెల్ల సేనయు నల్ల సేనయు. వాని ప్రక్క రెండు ముఖముల గడియారము. మూడువందల మందికి పైగా ఆటగాండ్రు వచ్చియుండిరి. అందు నెరసిన తలలు గలవు, కుర్చీమీద మోకాళ్లూని గాని బల్ల నందుకొనలేని పసివారును గలరు.

ఊరియాటకును పోటీకిని గల భేదము మొదటి గడియలోనే తెలిసినది. అరుగుమీది యాటలో ఆడువారిద్దఱు, చెప్పువారు పదిమంది. వేసిన ఎత్తును “ఆగుము, ఆగుము” అని వెనుకకు దీసికొనుట అచ్చట వాడుక. ఇచ్చట తాకిన పావును కదపవలసినదే. వదలిన పావు వదలినట్లే. ఎవ్వరును ఎవ్వరికిని చెప్పరాదు. సెల్‌ఫోను దగ్గఱ నుండరాదు. ఒక్కొక్కరికి ఇరువదియైదు నిమిషములు, ఎత్తు వేసినప్పుడెల్ల పది సెకండ్లు అదనము. మన యెత్తు వేసి గడియారపు మీట నొక్కగానే ఎదుటివాని కాలము కరగనారంభించును. ఈ జంట గడియారములు 1883లో లండను పోటీలో మొదట వాడుకకు వచ్చినవి. అంతకు ముందు ఒక్కొక్క ఎత్తునకు గంటలకొలది తలపట్టుకొని కూర్చుండువారు గలరట!

జతలు కూర్చు పద్ధతియు జెప్పదగినది. ఓడినవాడు ఇంటికి పోవలసిన పని లేదు. ప్రతి దఫాయందును సమానమైన పాయింట్లు గలవారిని ఎదురెదురుగా గూర్చుండబెట్టుదురు. ఒకసారి ఆడిన యిద్దఱు తిరిగి తలపడరు. 1895లో స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున మొదలైనందున దీనికి స్విస్ పద్ధతి యని పేరు. గెలిచినవానికి మఱింత గట్టివాడును, ఓడినవానికి తన సాటివాడును దొరకును. తరగతిని నడుపువారు గమనింపదగిన యేర్పాటిది.

మొత్తము ఏడాటలు. మొదటియాట ఒక కళాశాల యువకునితో ఓడితిమి. రెండవది గెలిచితిమి, మూడవది డ్రా యయ్యెను. నాలుగవయాటలో మా యెదుట పదేండ్ల బాలిక కూర్చుండెను. ఆమె పాదములు నేలకు తాకుట లేదు. ఆట నారంభించుటకు ముందు చేయి కలిపి, ఇరువదియాఱు ఎత్తులలో మా రాజునకు ఆటకట్టు చేసి, మరల చేయి కలిపి, “థాంక్యూ అంకుల్” అని చెప్పి, నీళ్లసీసా పుచ్చుకొని పోయెను. మా విద్యార్థులు దూరమునుండి చూచుచుండిరి. వారిలో ఎవ్వరును నవ్వలేదు. ఆ సాయంకాలము వారు మాతో మాటలాడిన తీరులో క్రొత్త చనువు గలదు: తామును ఓడితిమి, సారును ఓడెను, ఇక అందఱము కలిసి ఎట్లు గెలువవలయునో ఆలోచింతము అను చనువు.

తెలుగునాట ఇట్టి పిల్లలు బయలుదేరుట ఆశ్చర్యము కాదు. గుంటూరులో జన్మించిన పెండ్యాల హరికృష్ణ 2001లోను, గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయముననే గ్రాండ్‌మాస్టరు బిరుదము నందిరి. హంపికి తొలి గురువు ఆమె తండ్రియే. 2024లో హంగేరీ దేశపు బుడాపెస్టు నగరమున జరిగిన ఒలింపియాడులో భారతదేశపు పురుషుల జట్టును స్త్రీల జట్టును స్వర్ణపతకములు గెలిచినప్పుడు, ఆ జట్లలో హరికృష్ణయు, వరంగల్లు వాడగు అర్జున్ ఎరిగైసియు, గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారికయు నుండిరి. వారందఱును ఇట్టి మందిరములలో ఇట్టి బల్లలయొద్ద పసితనమున గూర్చుండినవారే.

రెండవదినము అయిదవ యాటయు ఆఱవ యాటయు గెలిచితిమి. మాకు మూడున్నర పాయింట్లు వచ్చెను. కడపటి యాటకు జతల పట్టిక గోడకు అంటింపగా, మా పేరున కెదురుగా మన పాఠశాల 8వ తరగతి బాలుని పేరే యుండెను. అతనికిని మూడున్నరయే. అతడు గెలిచినచో పదునాలుగేండ్ల లోపువారి కిచ్చు కప్పు అతనికి దక్కు నవకాశము గలదు. మాకు మాత్రము గెలిచినను ఓడినను బహుమానమేదియు లేదు.

పట్టికయొద్ద నిలిచియున్న ఒక పెద్దమనిషి సంగతి గ్రహించి, “మాస్టారూ, మీకేమి పోయినది? పిల్లవానికి వదలివేయుడు” అని మెల్లగా జెప్పెను. ఆయన మాటలో దురుద్దేశము లేదు. మాకును ఆ బాలునిమీద ప్రేమ లేకపోలేదు. కూలికి పోవు ఇంటి బిడ్డ. ఆ కప్పు ఆ యింటికి ఎంత పెద్దదో మేమెఱుగుదుము. ఆటకు పది నిమిషములు గడువుండెను. ఆ పది నిమిషములును ఆవరణములోని వేపచెట్టుక్రింద నడచుచు ఆలోచించితిమి. ముందే ఒప్పుకొని ఆడు ఆటను నియమములు నిషేధించుచున్నవి, అది యటుంచుడు. ఆ కప్పునకై మఱి నలుగురైదుగురు పిల్లలు అప్పటికి పోరాడుచుండిరి. వారి ముఖములు మేమెఱుగము; వారి ఇండ్లును కూలియిండ్లే కావచ్చును. మా శిష్యునికి మేము దానమిచ్చునది మా సొత్తు గాదు, వారి సొత్తు. ఈ యొక్క విషయము తేటపడగానే లోపలికి పోయి కూర్చుంటిమి.

బాలుడు తెల్ల సేనతో ఆడెను. మొదట అతని చేయి వణకెను. పదియెత్తులైన పిమ్మట వణకు పోయెను. ఇరువదవ యెత్తునకు అతనికొక బంటు ఎక్కువయ్యెను. మా ఏనుగులు రెండును మూల కదుమబడెను. అట్టి స్థితిలో అతడు తల యెత్తక, “డ్రా సార్?” అని మెల్లగా నడిగెను. తనకు మేలుగా నున్న యాటను అతడెందులకు విడుచుచుండెనో మాకు దెలియును. గురువును ఓడించుట అపచారమని ఆ బిడ్డ తలంచెను. “వద్దు, ఆడుము” అంటిమి. అతడు మా ముఖమును జూచి, తల యూపి, ముందునకు వంగి కూర్చుండెను. అటుపిమ్మట మేమిద్దఱము గురుశిష్యులము కాము.

ఆ యాట చాలసేపు సాగెను. అతడు మా రాజుమీదికి త్రోసికొని రాగా, మేము మంత్రులను మార్చుకొని, ఒక ఏనుగును అతని బంట్ల వెనుకకు జొప్పించితిమి. అతని గడియారమున కాలము రెండు నిమిషములకు దిగెను. ఎక్కువైన బంటు పోయెను. తరువాత మఱియొకటి పోయెను. తుదకు మా బంటు ఒకటి ఎనిమిదవ వరుస చేరి మంత్రి యయ్యెను. బాలుడు కొంతసేపు బల్లను జూచి, రాజును పరుండబెట్టి, చేయి చాచెను. కాగితముమీద సంతకములు చేసితిమి. కప్పు మేమెఱుగని యొక బాలికకు పోయెను. ఆమె తన ఏడాటలను తానే యాడి సంపాదించుకొన్న పాయింట్లతో దానిని గెలుచుకొనెను.

తిరుగు బస్సులో అతడు కిటికీయొద్ద గూర్చుండి, నంద్యాల వఱకు మాటలాడలేదు. శిరివెళ్లలో అతని తండ్రి దీపస్తంభము క్రింద వేచియుండెను. సంగతి విని, “అయ్యవారూ, ఒక్క యాట తమరు పోగొట్టుకొనియుంటే మా వానికి కప్పు వచ్చును గదా!” అనెను. కోపముతో ననలేదు, అందుచేతనే ఆ మాట మఱింత గ్రుచ్చుకొనెను. మేము వేపచెట్టుక్రింద తలంచినదంతయు ఆయనకు జెప్పితిమి. ఆయన విని, “తమకు తెలియనిదేమున్నది” అని కొడుకు భుజముమీద చేయి వేసి తీసికొనిపోయెను. ఆయనకు తృప్తి కలిగినదని మేము చెప్పజాలము.

సోమవారము మధ్యాహ్నము భోజనపు వేళ ఆ బాలుడు ఆటను వ్రాసికొన్న కాగితము పుచ్చుకొని మాయొద్దకు వచ్చెను. ఎత్తులు వ్రాసికొనుట అట్టి తొందరయాటలో అవసరము కాకున్నను అతడు రాత్రి జ్ఞాపకమునుండి వ్రాసికొనెనట. వరండాలో బల్ల పఱచి ఆటను మొదటినుండి నడిపించి, ఇరువదియాఱవ యెత్తునొద్ద ఆగి, “ఇక్కడ ఏనుగును ముందుకు బోనీయక వెనుకకు దెచ్చియుంటే నేను గెలిచియుందును గదా, సార్” అనెను. మేము అరగంట వెదకితిమి. దానికి జవాబు దొరకలేదు. అతడు చెప్పినది నిజము.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఆనాడు మేము కప్పును దయతో నిచ్చియుండినచో అది ఈపాటికి ఆ యింటి గూటిలో మెఱయుచుండును. కాని ఆ ఇరువదియాఱవ యెత్తు అతనికి దొరకియుండదు. గెలిచితినని నమ్మినవాడు ఆటను తిరిగి వెదకడు. ప్రియ విద్యార్థులారా, మీరు కూర్చుండు ప్రతి పరీక్షకును ఈ మాట చెల్లును. పెద్దవారితో ఆడునప్పుడు చేతులు జోడించి ఆడుడు. ఆడుట మాత్రము మానకుడు.

శనివారము సాయంకాలములందు వరండాలో నాలుగు బల్లలు పఱచియుండును. ఆ బాలుడు మాతో తిరిగి ఆడుటకై నిత్యము మొదటి బల్లయొద్ద గూర్చుండుచున్నాడు. ఇప్పటికి రెండుసార్లు మమ్ము గెలిచెను.