కుదుపును కొలిచిన విధము

ప్రయాణమున సౌఖ్యమును కోరనివారు లేరు. మా బాల్యమున ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు ఎడ్లబండిపై పోవునపుడు పెద్దలు బండిలో వరిగడ్డిని ఒత్తుగా పరచి, దానిపై గోనెపట్టా వేసి, ముసలివారిని నడుమ కూర్చుండబెట్టెడివారు. ఇరుసునకును బండిపలకకును మధ్య ఏ కమానును లేని ఆ బండికి ఆ గడ్డియే కమాను. పిమ్మట జట్కాకు ఇనుపపట్టీల కమాను వచ్చినది. కారునకు చుట్టలు చుట్టిన ఉక్కు స్ప్రింగు వచ్చినది. సాధనములు మారినవి గాని, ముసలివారి నడుమునకు నొప్పి కలుగకుండ గమ్యము చేర్చుట యెట్లను ప్రశ్న మాత్రము మారలేదు. ఆ ప్రశ్నకు మేము ఇటీవల వెదకిన సమాధానమును మన పత్రికాపాఠకులకు విన్నవింపదలచితిమి.

మాకొక చిన్న కారు కలదు. ఉద్యోగవిరమణానంతరము కొన్నది. మా తల్లిగారికి ఎనుబదియాఱేండ్లు. రెండేండ్ల క్రిందట ఆమె పెరటిలో జారిపడుటచే వెన్నుపూస దెబ్బతిన్నది. నాటినుండి నెలకొకమారు తిరువళ్ళూరులోని వైద్యునికడకు ఆమెను తీసికొనిపోవలసియున్నది. కనకమ్మసత్రము మీదుగా సుమారు 40 కిలోమీటర్ల దారి. పెద్దరోడ్డు బాగుగనే యున్నను, ఊరు వచ్చినచోట నెల్ల వేగనిరోధకములు, మోరీలవద్ద ఎత్తుపల్లములు. ప్రతి మోరీవద్దను ఆమె ముందరి సీటును పట్టుకొని కన్నులు మూసికొనెడిది. ఒకనాడు ఇల్లు చేరిన పిమ్మట, “ఇంక నన్ను తీసుకపోవద్దు నాయనా. ఉన్నన్నాళ్లు ఇంట్లోనే ఉంటా” అనిరి. వైద్యము మానుటకన్న ప్రయాణమే కష్టమైన దనుట విని మేము ఆ రాత్రి నిద్రింపలేకపోయితిమి.

విద్యార్థులారా! ఇచ్చట కొంత శాస్త్రవిషయమును చెప్పక తప్పదు. స్ప్రింగునకు బరువు తగిలించిన కొలది అది సాగునని 1678లో రాబర్టు హుక్ ప్రకటించిన నియమమును మీరు చదివియున్నారు. కారు స్ప్రింగు బరువును మోయును. చక్రము గుంతలో పడినపుడు ఆ దెబ్బను తనయందు దాచుకొనును. కాని దాచుకొన్నదానిని మరల ఇచ్చివేయుట కూడ దాని స్వభావము. స్ప్రింగు మాత్రమే యున్నచో ఒక గుంత దాటిన పిమ్మట కారు చాలసేపు ఎగురుచు దిగుచు నుండును. దీనిని అణచుటకే షాక్ అబ్సార్బరు కలదు. అది నూనె నిండిన గొట్టము. దానిలో ముషలకము కదలునపుడు నూనె సన్నని రంధ్రములగుండ బలవంతముగా పోవలసివచ్చును. ఆ ఘర్షణచే ఊపులోని శక్తి వేడిమిగా మారి గాలిలో కలిసిపోవును. మన పాఠ్యపుస్తకములు అవరుద్ధ డోలన మని చెప్పున దిదియే.

ఆ నూనెదారిని వెడల్పుచేసిన మెత్తదనము, ఇరుకుచేసిన బిగువు కలుగును. సామాన్యమైన షాక్ అబ్సార్బరునందు ఈ వెడల్పు కర్మాగారముననే నిర్ణయింపబడును. సవరింపదగినదానియందు ఒక చిన్న మీటను త్రిప్పి మనమే మార్చుకొనవచ్చును. మీట ఒక్కొక్క మెట్టు తిరిగినపుడు ‘టిక్కు’మను శబ్దము వినవచ్చును.

ఈ చింత లోకమున క్రొత్తది కాదు. ఫ్రాన్సుదేశమున సిట్రోయెన్ కంపెనీవారు 1948లో వెలువరించిన ‘2 సి.వి.’ అను చిన్న కారు, దున్నిన పొలమునకు అడ్డముగా పోయినను గంపలోని గ్రుడ్లు పగులకుండ రైతును చేర్చవలెనను ఆశయముతో రూపొందినది. వారే 1955లో ‘డి.యస్.’ అను కారునందు నూనెను, వాయువును ఉపయోగించి, డ్రైవరు తన ఇష్టానుసారము కారు ఎత్తును మార్చుకొను ఏర్పాటు చేసిరి. మన తిరువళ్ళూరు చెంతనున్న హిందూస్థాన్ మోటార్సువారి కర్మాగారమున 1998 మొదలు కొన్నేండ్లు లాన్సరు కార్లు తయారైనవి. పిమ్మట అదే చోటనుండి సిట్రోయెన్ కార్లు వెలువడినవి. గ్రుడ్లగంప కథ మన ఊరి పొలిమేరవరకు నడచివచ్చిన దనుకొని మేము నవ్వుకొంటిమి.

మార్పునకు పూర్వము చట్టమును తెలిసికొనుట పౌరునకు విధి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారుదారు నిర్దేశించిన మూలలక్షణములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము కూడ ఈ విషయమునే దృఢపరచినది. కావున కారు ఎత్తును మార్చు స్ప్రింగుల జోలికి మేము పోలేదు. పాతవాని స్థానమున అదే కొలతలు గలిగి, బిగువును మాత్రము పదునాఱు మెట్లలో సవరించుకొనదగిన నాలుగు షాక్ అబ్సార్బరులను, అధికారుల నడిగి తెలిసికొనిన పిమ్మటనే, తెప్పించితిమి. వెల మా ఒకనెల పింఛనుకు మించినది.

కాని కొన్నవస్తువు మంచిదని మనస్సు తనంతట తానే నమ్ముకొనును. కావున బిగింపకమునుపే కొలత యేర్పరచుకొంటిమి. తిరుత్తణినుండి కనకమ్మసత్రము వరకు అదే దారి, అదే వేగము, కారులో అదే మనుష్యులు. ఒక వెడల్పు పళ్లెములో అంచువరకు నీరు నింపిన ఇత్తడి గ్లాసు నుంచి, ఒలికిన నీటిని కొలపాత్రతో కొలుచుట ఒక పద్ధతి. మా తల్లిగారి చేతికి చింతగింజల నిచ్చి, నొప్పి కలిగించిన ప్రతి కుదుపునకు ఒక గింజను సంచిలో వేయుమనుట రెండవ పద్ధతి. మీట ఏ మెట్టునం దున్నదో ఆమెకు చెప్పరాదని నియమము పెట్టుకొంటిమి.

మొదటిదినమున గింజలు ఇరువదిమూడు. అప్పుడు గాని టైర్ల గాలిని చూడవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. చూడగా, కారు తలుపుచెంత అంటించిన చీటీలో వ్రాసినదానికన్న ఐదు పౌండ్లు ఎక్కువగా నున్నది! గాలి నిండుగా నున్న మేలని తలచి మేమే నింపించితిమి. దానిని సరిచేసి మరల పోగా గింజలు పదునేడు. పైసా వ్యయము లేక ఆఱు గింజలు తగ్గినవి. ఈ మాటను పాఠకులు మఱవవలదని ప్రార్థన.

‘వలదు’ అనుటతో ఒక ముచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. బిగింపు తిరుత్తణిలోని ఒక షెడ్డునందు జరిగినది. మేస్త్రి తమిళుడు, మంచి పనివాడు. మేము కుడిచక్రముచెంత స్పానరు నందించుచుండగా ఆయన అవతలినుండి “వలదు! వలదు!” అని కేక వేసెను. మేము ఉలికిపడి చేయి వెనుకకు తీసికొంటిమి. ఆయన మరల అదే కేక. తమిళమున ‘వలదు’ అనగా కుడిప్రక్క యని మా కెఱుకయే. ఐనను చెవి తెలుగుచెవి గదా! అందఱును నవ్విరి. అటుపిమ్మట పని ముగియువఱకు మేస్త్రి మాకు ‘రైటు’ అనియే చెప్పెను.

ఆ షెడ్డునందు సహాయకుడుగానున్న యువకుడు మా పాత విద్యార్థి. మన తెలుగు మాధ్యమముననే పదవతరగతి ముగించెను. “తెలుగులో చదివి వీడేం చేస్తాడు అయ్యవారూ?” అని అతని తండ్రి మమ్ము ఆనాడడుగగా మేము సరియైన బదులు చెప్పలేకపోయితిమి. పెట్టెలో వచ్చిన సూచనపత్రము ఇంగ్లీషున నున్నది. దానిలోని రెండు మాటలవద్ద మేస్త్రియు, యువకుడును ఆగిపోయిరి. ఒకటి స్ప్రింగు నొక్కుకొనుటకు, రెండవది తిరిగి సాగుటకు చెల్లునని మేము చెప్పగానే, అతడు, “తొమ్మిదో తరగతిలో స్ప్రింగుకు బరువులు తగిలించి చూపించారు గదా అయ్యవారూ, వదిలేస్తే ఎగిరిందే, అదేనా?” అని, తక్షణమే మేస్త్రికి తమిళమున వివరించెను. మేస్త్రి తలయూచెను. ఆ తండ్రికి ఈయవలసిన బదులులో సగమైనను అప్పుడు దొరికినట్లు మాకు తోచినది.

పనిక్రమమును సంగ్రహముగా చెప్పెదము. క్రొత్త షాక్ అబ్సార్బరులను నిటారుగా నిలిపి నాలుగైదుమార్లు నొక్కి లాగి, లోని గాలిబుడగలను పోగొట్టవలెను. కారును జాకీతో ఎత్తి, గట్టి ఆసరాలపై నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రింద దూరరాదు. ముందుచక్రముల యందు స్ప్రింగును షాక్ అబ్సార్బరును ఒకే కూర్పుగా నుండును. ఆ స్ప్రింగును ప్రత్యేకమైన పట్టుసాధనముతో అదిమిపట్టిన పిమ్మటనే పైనట్టును విప్పవలెను. ముందే విప్పినచో స్ప్రింగు తుపాకిగుండువలె ఎగిరి ప్రాణహాని చేయును. విద్యార్థులు దీనిని ఇంటియొద్ద ఎన్నడును ప్రయత్నింపరాదు. బ్రేకుగొట్టమునకు మెలిపడకుండ చూడవలెను. రబ్బరు బుష్షులుండు బోల్టులను చక్రములు నేలపై నిలిచి బరువు పడిన పిమ్మటనే తుదిగా బిగింపవలెను. వ్రేలాడుచుండగా బిగించినచో రబ్బరు సదా మెలిపడి త్వరలో చిరిగిపోవును. తుదకు చక్రముల వరుసను యంత్రముపై సరిచూడవలెను. మేము దానికై తిరువళ్ళూరునకు పోయితిమి.

పాతవానిని విప్పినపుడు వెనుక కుడిదానినుండి నూనె కారి, మట్టితో కలిసి నల్లని ముద్దగా నున్నది. దానిని చేతితో నొక్కగా ఏ ప్రతిఘటనయు లేక లోనికి పోయెను. మా తల్లిగారు ఎప్పుడును కూర్చుండునది ఆ కుడివైపుననే! ఎన్నినెలలుగా కారుచుండెనో మేము వంగి చూచినవారము కాము.

ముందరి మీటల మెట్టులను యువకుడు లెక్కించి బానెట్టు లోపల సుద్దముక్కతో ‘ఎడమ 8, కుడి 8’ అని తెలుగున వ్రాసెను. వెనుకవానిని మేమే సవరింతుమని పంతము పట్టితిమి. మఱునాడు బయలుదేరగా కారు నడక వింతగా నున్నది; ఎడమప్రక్క ఒదిగి, కుడిప్రక్క ఎగురుచున్నది. గింజలు పదునైదు. డబ్బు వృథా యైనదని దిగులుపడి షెడ్డునకు పోయితిమి. యువకుడు ఏమియు మాటాడక, కారు వెనుక రెండుమూలలను అరచేతులతో నొక్కి చూచి, “ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంది అయ్యవారూ. తలకిందులుగా చూసి తిప్పినట్టున్నారు” అనెను. నిజమే! ఒకదానిని పూర్తి బిగువునుండి పండ్రెండు మెట్లు వెనుకకు, రెండవదానిని పూర్తి మెత్తదనమునుండి పండ్రెండు మెట్లు ముందునకు త్రిప్పియుంటిమి. ముప్పదియేండ్లు భౌతికశాస్త్రము బోధించిన మాకు, లెక్క మొదలిడు చోటు ఎల్లపుడు ఒక్కటిగనే యుండవలెనని శిష్యుడు బోధింపవలసివచ్చెను.

సరిచేసిన పిమ్మట మూడు దినములు మూడు విధములుగా పోయితిమి. పూర్తి బిగువునందు గింజలు పదునాలుగు; చిన్న గరుకుకూడ నేరుగా నడుమును తాకినది. పూర్తి మెత్తదనమునందు గింజలు తొమ్మిదే, కాని గ్లాసునీరు ఎక్కువగా ఒలికినది. మోరీ దాటిన పిమ్మట కారు ఊగుచునేయుండెను. “ఊయల్లో కూర్చున్నట్టు కడుపులో తిప్పుతోంది” అని తల్లిగా రనిరి. నడుమ మెట్టునందు గింజలు ఏడు. నీరును తక్కువగనే ఒలికెను. మెత్తనిదే సుఖమను మా ఊహ తప్పని తేలినది. మన శరీరము సెకనుకు నాలుగు మొదలు ఎనిమిదివఱకు గల నిలువు కంపనములను మిక్కిలి బాధగా గ్రహించును. కారుమేను సామాన్యముగా సెకనుకు ఒకటి ఒకటిన్నరమార్లు ఊగును. మొదటిదానిని తగ్గింపబోయి రెండవదానిని విడిచిపెట్టినచో నడుము తేరుకొనును గాని కడుపు తిరుగును.

తలిదండ్రులకు మా విన్నపము. ఇరువదిమూడు గింజలు ఏడైనవి. ఆ పదునాఱులో ఆఱు గాలి సరిచూచుటచే తగ్గినవి. మిగిలిన పదిలో చాలభాగము, కారిపోయిన పాతదానిని తీసివేయుటచేతనే తగ్గియుండును; తక్కువ వెలకు వచ్చు సామాన్యమైన క్రొత్తవి పెట్టినను ఆ మేలు కలిగెడిది. సవరింపు మీటవలన కలిగిన ప్రత్యేకలాభము, కుమారుని కుటుంబము వచ్చి ఐదుగురము కలిసి ప్రయాణించునపుడు వెనుక నాలుగుమెట్లు బిగించుకొనుట, తల్లిగా రొక్కరే యున్నపుడు సడలించుట. అట్టి అవసరము లేనివారు మావలె వ్యయము చేయనక్కరలేదు. మొదట గాలి చూడుడు. పిదప వంగి నూనె కారుచున్నదేమో చూడుడు. ఆ తరువాతనే సంచి విప్పుడు.

గతనెలలో వైద్యునియొద్దకు పోయి వచ్చితిమి. కనకమ్మసత్రము దాటునపుడు అద్దములో వెనుకకు చూడగా తల్లిగారు సీటును పట్టుకొనియుండలేదు. కిటికీనుండి పొలములను చూచుచుండిరి. ఇల్లు చేరిన పిమ్మట సంచిలోని గింజలను తామే లెక్కించి, “ఆరే. ఒకటి నువ్వు చూడకుండా తోలినందుకు వేసినాను” అనిరి. ఆ గింజ విషయమున ఏ మీటయు పనిచేయదు. ఇకమీదట ఇంకను మెల్లగా నడపుదుమని ఆమెకు మాట యిచ్చితిమి.